చెల్కంతా ఒకేసారి మార్చకు

కొడుకా,

మొన్న ఫోన్లో "పెద్దబాపూ, ఈ వానకాలం నుంచి యూరియా బస్తా ముట్టను, మందు డబ్బా ముట్టను" అన్నావు. సంతోషమే. కానీ మూడెకరాల చెల్కనూ ఒకేసారి మార్చకు. ఆ తప్పు నేను చేశాను. లింగాలఘణపురం దగ్గర ఏనెబావి చూసొచ్చిన ఊపులో ఒకే ఏడాది అన్నీ బంద్ పెట్టాను. 2006 నాటికే ఆ ఊరు ఊరంతా రసాయనాలు మానేసిందన్నదే నాకు కనబడింది. అంతకుముందు వాళ్లు ఒక్కొక్కటే వదిలించుకుంటూ వచ్చిన ఏళ్లు కనబడలేదు. నా నేలేమో యూరియాకు అలవాటు పడి ఉంది. పత్తి మోకాలెత్తు దాటలేదు. ఆ ఏడు మీ పెద్దమ్మ కమ్మలు కుదువపెట్టి కైకిళ్లు ఇచ్చాను.

అందుకే ఇంటికి దగ్గరున్న ఎకరం ఒక్కటి తీసుకో. రోజూ కాలు పెట్టే చోటైతేనే పురుగు కంటపడుతుంది.

యూట్యూబ్ చూసే ముందు మీ నాయనమ్మను ఆ ఎకరంలోకి తీసుకుపో. ఏ మూల వాన నీళ్లు నిలుస్తాయో, ఏ గెట్టు పక్కన నువ్వులు బాగా వచ్చేవో ఆమెకు తెలిసినంత నాకు కూడా తెలియదు. జొన్నలో కంది, అనుము, బబ్బెర కలిపి చల్లిన మనిషి. విత్తనం కందులకు ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి కుండలో పోసేది. మరుసటి ఏడు తీస్తే ఒక్క గింజ కూడా పుచ్చేది కాదు. అవన్నీ పాతకాలపు పనులని మనమే నవ్వి, బస్తాలు మోసుకొచ్చాం.

పత్తి వేస్తానంటే వెయ్యి, వద్దనను. ఆరు సాళ్లకొక సాలు కంది పెట్టు. చుట్టూ రెండు సాళ్లు జొన్న, మధ్యమధ్య ఆముదం చెట్లు. లద్దె పురుగు రెక్కల దశలో ఆముదం ఆకు వెతుక్కుంటూ వచ్చి గుడ్లు పెడుతుంది. ఆకు అడుగున గోధుమరంగు నూగు కప్పిన ముద్ద కనిపిస్తే అవి గుడ్లే. ఆకు జల్లెడలా మారి, పచ్చటి పిల్ల పురుగులు గుంపుగా ఉంటే గుడ్లు అప్పుడే పగిలాయన్నమాట. ఆ ఒక్క ఆకు తెంపి కిరోసిన్ కలిపిన నీళ్లలో వేస్తే వందల పురుగులు పోతాయి. నాలుగు రోజులు ఆలస్యం చేశావో, అవి చేనంతా పాకుతాయి. అప్పుడు ఏ కషాయం కొట్టినా నీ భుజం నొప్పే మిగులుతుంది.

వేపగింజలు మాత్రం కొనకు. ఆషాఢంలో రాలిన పండ్లు ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టు. పది కిలోల పప్పు దంచి రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొంచెం సబ్బు కలిపి రెండు వందల లీటర్లు చేస్తే ఎకరానికి సరిపోతుంది. సాయంత్రం పూట కొట్టు, ఎండలో దాని బలం పోతుంది. సేంద్రియం అని రాసిన సీసా ఒకటి నేను దుకాణంలో కొన్నాను. వాసన చూస్తే మామూలు పురుగుమందు వాసనే. అప్పు ఖాతా అదే, సీసా పేరొక్కటే మారింది.

గులాబీ రంగు పురుగుకు మాత్రం ఇవేవీ చాలవు. అది కాయలో దూరాక నీ చేతికి చిక్కదు. నాలుగు క్వింటాళ్లు ఎక్కువొస్తాయని పత్తిని సంక్రాంతి దాటించకు. కట్టె పీకి చేను ఖాళీ చెయ్. పక్క చేనోళ్లకు కూడా చెప్పు. ఒక్కడివే పీకితే లాభం సగమే.

పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి నీళ్లలో పులియబెట్టి నేలకు పోసే జీవామృతానికి నాటు ఆవే ఉండాలని మీ దోస్తు అన్నాడంటున్నావు. నా దగ్గరున్నది బర్రె. దాని పేడతోనే ఏళ్లుగా కలుపుతున్నాను, నా చేనెప్పుడూ అభ్యంతరం చెప్పలేదు.

వీటన్నిటికంటే ముందు పని ఒకటుంది. ఈ నెలాఖరుకు గొర్రెల మంద మన వైపు వస్తుంది. నీ ఎకరంలో మూడు రాత్రులు పెట్టించు. రోజూ చోటు మార్చమను, లేకపోతే ఒకే మూల పెంటంతా పడుతుంది. పేడకంటే మూత్రానిదే బలం. అది ఎండకు ఆవిరి కాకముందే, మంద లేచిన మరునాడే దున్నించాలి. మందవాళ్లకు నీ మాట చెప్పి ఉంచాను. ధాన్యమిస్తావో పైసలిస్తావో నువ్వే తేల్చుకో. అరకకు ఇప్పుడే చెప్పి పెట్టు, ఆ రోజుల్లో ఎడ్లు దొరకవు.

మీ పెద్దబాపు