పానాతో కొడితేనే అందుకుంటున్న ట్రాక్టర్

ప్రశ్న: సార్, మా ట్రాక్టర్ పొద్దున్నే సెల్ఫ్ కొడితే టక్ మని ఊరుకుంటోంది. దిగి పానాతో బ్యాటరీ క్లాంపు మీద రెండు దెబ్బలు వేస్తే అప్పుడు అందుకుంటోంది. లైట్లు, హారన్ బానే ఉన్నాయి. మెకానిక్ ఏమో బ్యాటరీ పోయింది మార్చేయమంటున్నాడు, వేసి 14 నెలలే అయింది. దమ్ముల టైం వచ్చేసింది, ఏం చేయమంటారు?
– ఓ రైతు, భీమవరం దగ్గర

జవాబు: దెబ్బ వేస్తే అందుకుంటోందంటే బ్యాటరీలో చార్జింగ్ ఉన్నట్టే కదండీ. కాబట్టి డబ్బులు అప్పుడే తీయకండి, ముందు క్లాంపులు, అంటే వైర్ల చివర బ్యాటరీకి బిగించే బిళ్ళలు చూడండి. లైట్లు వెలుగుతున్నాయి కదా అంటారా, లైట్లకి పది ఆంపియర్లు చాలు, సెల్ఫ్ మోటారుకి వందల్లో కావాలి. క్లాంపుకీ, అది పట్టుకునే బ్యాటరీ మీది సీసపు మొనకీ (పోస్టు అంటాం) మధ్య ఓంలో నూరో వంతు అడ్డు ఉందనుకోండి, లైట్ల దగ్గర 0.1 వోల్టు పోతుంది, మీకు తెలియను కూడా తెలియదు. అదే సెల్ఫ్ 200 ఆంపియర్లు లాగితే 2 వోల్టులు అక్కడే పోతాయి, ఇక 12 వోల్టుల బ్యాటరీలో మోటారుకి మిగిలేదెంత?

ఇంకో సంగతి, ఆ కొట్టుడు ఇవాళే ఆపేయండి. పోస్టు సీసం, మెత్తన. కొట్టగా కొట్టగా అది మూత దగ్గర కదిలి యాసిడ్ చెమ్మ పైకి వస్తుంది, ఆ చెమ్మకే తెల్లగా, రాగి వైరు ఉన్నచోట నీలంగా పొడి పట్టేది. అంటే జబ్బుని మీరే పెంచుతున్నారు.

ఇంజిన్ ఆపి ముందు నెగటివ్ క్లాంపు తీయండి, తర్వాతే పాజిటివ్. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. తిరగేసి చేస్తే పాజిటివ్ మీదున్న పానా బాడీకి తగిలిందంటే పెద్ద మెరుపు వస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ గ్యాస్ కూడా ఉంటుంది మరి. నేనోసారి వాచీ తీయకుండా చెయ్యి పెట్టాను, స్టీలు చైను కాలిన మచ్చ మణికట్టు మీద ఇంకా ఉంది. ఉంగరం, కడియం తీసి పక్కన పెట్టండి.

గ్లాసు వేడినీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి ఆ పొడి మీద పోస్తే బుసబుసా పొంగుతుంది, పొంగడం ఆగేదాకా పోయండి, మూతల సందుల్లోంచి సెల్లులోకి మాత్రం పోనివ్వకండి. మంచినీళ్ళతో కడిగి, తుడిచి, ఉప్పుకాగితంతో పోస్టునీ క్లాంపు లోపలి గుండ్రాన్నీ మెరిసేదాకా రుద్దండి. అసలు కరెంటు పోయేది ఆ లోపలి మెరుపులోంచే, చాలామంది పైపైన తోమి వదిలేస్తారు.

క్లాంపుని పోస్టు అడుగుదాకా దించి బిగించండి. చేత్తో తిప్పితే కదలకూడదు, అంతే చాలు, పళ్ళు బిగించి తిప్పితే సీసం సాగిపోతుంది. బోల్టు బిగిసిపోయి క్లాంపు రెండు చెవులూ కలిసిపోయినా ఇంకా కదులుతోందంటే ఆ క్లాంపు సాగిపోయినట్టు, రేకు ముక్కలు దూర్చకుండా కొత్తది వేయండి. పాజిటివ్ పోస్టు కాస్త లావు, నెగటివ్ సన్నం, కొనేటప్పుడు అది చూసుకోండి. బిగించాక పైన వ్యాజలిన్ పూయండి, ముందు కాదు.

బ్యాటరీని పట్టి ఉంచే పట్టీ కూడా బిగుతుగా ఉందో లేదో చూడండి. దమ్ములో కేజ్‌వీల్స్ (ఇనప చక్రాలు) అదురుకి బ్యాటరీ ఊగితే ఎంత బాగా బిగించినా వారంలో మళ్ళీ వదులే. ఎర్త్ వైరు బాడీకి బిగించిన బోల్టు దగ్గర కూడా బురద, తుప్పు గీకేయండి, దాని సంగతి ఎవరికీ గుర్తుండదు.

వోల్టులు చూసే మీటర్ ఉంటే దాని వైర్లలో ఒకదాని మొన పోస్టు నెత్తిన, రెండోది క్లాంపు మీద పెట్టి ఇంకొకర్ని సెల్ఫ్ కొట్టమనండి. దాదాపు సున్నా చూపాలి, అర వోల్టు చూపితే మళ్ళీ విప్పి రుద్దాల్సిందే. రెండు క్లాంపులూ సున్నా చూపించాక కూడా టక్ మనే అంటే, అప్పుడు మీ మెకానిక్‌ని పిలిచి బ్యాటరీకి లోడ్ టెస్ట్ (బరువు వేసి కరెంటు ఎంత ఇస్తుందో చూడడం) పెట్టించండి, సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే స్విచ్చి, అదే సొలినాయిడ్ కూడా చూడమనండి.