కారు వణుకుతోందా? బిల్లు కట్టే ముందు ఒక ప్రశ్న

అమెరికా వచ్చి సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు తరచూ అడిగే సందేహం ఇది. సిగ్నల్ దగ్గర ఆగితే కారు వణుకుతోంది, చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, మెకానిక్ చాంతాడంత లిస్టు ఇచ్చాడు. ఏం చేయాలి?

ముందు ఆ లైటు చూడండి. ఆగకుండా వెలుగుతుంటే షాపుదాకా నెమ్మదిగా వెళ్లొచ్చు. ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం పక్కకు ఆపేయండి. సిలిండర్లో మండని పెట్రోలు, పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి, అక్కడ మండి దాన్ని పాడుచేస్తుంది. అప్పుడు చిన్న ఖర్చు కాస్తా పెద్దదవుతుంది.

1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే పెట్రోలు కార్లన్నిటికీ ఓబీడీ-2 పోర్టు, అంటే కారు కంప్యూటర్ పట్టుకున్న లోపాల కోడ్‌లను చదివే సాకెట్, ఉంటుంది. చాలా ఆటో పార్ట్స్ షాపుల్లో కోడ్ ఉచితంగానే చదివిపెడతారు. పీ0303 అంటే మూడో సిలిండర్లో మిస్‌ఫైర్, అంటే అక్కడ పెట్రోలు సరిగా మండట్లేదని. ఎందుకన్నది మాత్రం కోడ్ చెప్పదు. నిప్పురవ్వ పుట్టించే ప్లగ్ కావచ్చు, దానికి కరెంటు ఇచ్చే కాయిల్ కావచ్చు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్, వాక్యూమ్ లీక్ (ఇంజిన్‌లోకి దొంగదారిన గాలి చొరబడటం), ఏదైనా కావచ్చు. ప్రతి సిలిండర్‌కీ విడిగా కాయిల్ ఉండి, చేతికి అందేలా ఉంటే, ఇంజిన్ చల్లారాక మూడోదాన్నీ రెండోదాన్నీ అటూ ఇటూ మార్చి, కోడ్ చెరిపి, కాసేపు నడపండి. ఈసారి పీ0302 వస్తే కాయిలే దొంగ. పీ0303 అలాగే ఉంటే ప్లగ్‌లను అలా మార్చి చూడండి.

మెకానిక్‌ని అడగాల్సింది ఒక్కటే: "ఈ పార్టే పోయిందని ఎలా తేల్చారు?" "కోడ్ వచ్చింది కదా" అంటే అది జవాబు కాదు. "స్మోక్ టెస్ట్ చేశాం (పొగ పంపి చూశాం), గాలి లోపలికి వెళ్లే ఇన్‌టేక్ దగ్గర లీకు కనిపించింది" అంటే జవాబు. మనవాళ్లు రేటు మీద బేరమాడతారు గానీ కారణం అడగరు. డయాగ్నస్టిక్ ఫీజుకు మాత్రం వెనకాడొద్దు, డబ్బు పెట్టాల్సింది అక్కడే.

పీ0420 (కన్వర్టర్ సరిగా పనిచేయట్లేదనే కోడ్) చూపించి కన్వర్టర్ మార్చాలంటే, మిస్‌ఫైర్ ఉంటే ముందు దాన్ని బాగుచేయించండి. లేకపోతే కొత్తదీ పోతుంది. కారుకు 8 ఏళ్లు, 80,000 మైళ్లు, ఈ రెండిట్లో ఏదీ దాటకపోతే కన్వర్టర్‌కు ఫెడరల్ ఎమిషన్స్ వారంటీ ఉంటుంది. మీరు రెండో ఓనరైనా సరే, ముందు డీలర్ దగ్గరకు వెళ్లండి. కాలిఫోర్నియాలో రాతపూర్వక ఎస్టిమేట్ ఇవ్వడం షాపు బాధ్యత. తీసిన పార్టులు కావాలంటే పని మొదలుపెట్టకముందే చెప్పండి.

ఇంజిన్ మార్చాలన్నారా? కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి కొలిచే పరీక్ష) అంకెలు కాగితం మీద రాయించుకుని, వేరే షాపులో మళ్లీ కొలిపించాకే సరేననండి.