బుజ్జమ్మా, సెర్చ్ పెట్టే ముందు ఇది చదువు

బుజ్జమ్మా,

బరంపురంలో మీ గ్రంథాలయం వెబ్‌సైటుకి సెర్చ్ పెట్టే పని నువ్వే ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా గర్వంగా అనిపించింది. బళ్లో ఒడియా చదువుకుని, ఇంట్లో అమ్మ దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుకున్న పిల్లవి, తాతల నాటి పుస్తకాలు వెతికి పెట్టే పని నెత్తికెత్తుకున్నావు. కానీ మీ అమ్మ ఇంకో మాట కూడా అంది. "ముందు సర్వర్‌లో ఉన్నవన్నీ ఎక్కించేసి, అక్కర్లేనివి తర్వాత తీసేస్తుందట" అని. ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు.

తేలిక పనులు ముందు చెప్పేస్తాను. సెర్చ్ నడిపే సాఫ్ట్‌వేర్ సోలర్ ఎక్కించడం నీకు వచ్చు. 8983 పోర్టు బయటికి తెరవకు, 127.0.0.1కే, అంటే ఆ సర్వర్ లోపలికే, కట్టెయ్. అడ్మిన్ పేజీకి పాస్‌వర్డ్ దానంతటదే రాదు, నువ్వే పెట్టాలి.

ఇక అసలు సంగతి. నేను పనిచేసిన ఒక ఆఫీసులో సెర్చ్ పెట్టిన కుర్రాళ్లు, ఏ ఫోల్డర్ చదవాలో ఏది చదవకూడదో కూర్చుని రాసే ఓపిక లేక, సైటు ఫోల్డర్ మొత్తాన్ని, ఫైళ్లు చదివి వెతకడానికి జాబితా (ఇండెక్స్) కట్టే ప్రోగ్రాము ఇండెక్సర్‌కి అప్పజెప్పేశారు. పైగా దాన్ని రూట్ యూజర్‌గా, అంటే సర్వర్‌లో అన్ని హక్కులూ ఉన్న ఖాతాతో, నడిపారు, ఇక అది చదవలేని ఫైలంటూ ఏముంటుంది? అందులో ఒక మూల, సాయం కోసం జనం పెట్టుకున్న అర్జీల ఎక్సెల్ షీట్లున్నాయి. ఏ పేజీ నుంచీ వాటికి లింకు లేదు కాబట్టి ఎవరికీ కనబడవని అందరి ధీమా. ఫోల్డర్ నేరుగా తిరగేసే ఇండెక్సర్‌కి లింకుతో పనేముంది? మా వీధిలో ఒకమ్మాయి ఊరికే తన ఇంటిపేరు కొట్టి చూసింది. ఇంటిపేరు పసుపు రంగులో మెరుస్తూ వాళ్లమ్మ పేరు, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా, ఆ పక్కనే "భర్త వదిలేసినందున" అన్న ముక్క. ఆవిడ ఆ సంగతి పుట్టింట్లో కూడా చెప్పుకోలేదు తల్లీ. ఫైలు ఆ రోజే తీసేశారు, ఫలితం మాత్రం పోలేదు. సెర్చ్ చూపించేది ఫైలుని కాదు, ఇండెక్స్ వేసిన రోజు తన దగ్గర దాచుకున్న నకలుని. ఆ డాక్యుమెంటుని ఇండెక్స్‌లోంచి డిలీట్ చేసి ఆ మార్పు ఖాయమయ్యేలా కమిట్ కొట్టాలని వాళ్లకి తట్టేదాకా ఆ ముక్క అక్కడే ఉంది. ఆవిడ మళ్లీ ఆ ఆఫీసు గడప తొక్కలేదు, రావలసిన డబ్బు కూడా అడగలేదు.

అందుకే "తర్వాత తీసేద్దాం" అంటే నేను ఒప్పుకోను. చదవాల్సిన ఫోల్డర్ల పేర్లే రాయి, మిగతావేవీ దానికి తెలియకూడదు. ఇండెక్సర్‌కి వేరే యూజర్ పెట్టు, ఆ ఫోల్డర్లు చదివే అనుమతి తప్ప ఇంకేమీ ఇవ్వకు. సభ్యుల ఫోన్ నంబర్లు, ఎవరు ఏ పుస్తకం పట్టుకెళ్లారన్న రిజిస్టరు, బ్యాకప్‌లు అసలు సైటు ఫోల్డర్‌లోనే ఉండకూడదు. ఈ ఫోల్డర్లు చదవొద్దని రోబోట్స్ ఫైలులో రాశాను కదా అనకు, అది బయటి సెర్చ్ ఇంజిన్లకి చేసే మనవి మాత్రమే, తాళం కాదు. బ్రౌజర్ నుంచి సోలర్‌కి నేరుగా దారి ఇవ్వకు, *:* (అంటే "అన్నీ చూపించు") అని కొట్టినవాడికి ఇండెక్స్‌లో ఉన్నదంతా వరసగా వచ్చేస్తుంది. కోప్పడుతున్నానని అనుకోకు. నీ పేరు మీద ఒక్కరి కన్నీళ్లూ ఉండకూడదని నా బాధ.

తెలుగు దగ్గర ఇంకో తంటా ఉంది. "సాఫ్ట్‌వేర్" అని రాస్తే పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక అక్షరం కూర్చుంటుంది, యూనికోడ్‌లో 200సి. ఒకరి కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకొకరిది పెట్టదు, దాంతో రెండూ వేరే మాటలైపోతాయి. ఇండెక్స్ వైపూ, వెతికే వైపూ, రెండు చోట్లా ముందే దాన్ని తీసేసే ఫిల్టర్ పెట్టు. సోలర్ 9లో మాట చివరి విభక్తులు కోసి మూలం మిగిల్చే తెలుగు స్టెమ్మర్ ఉంది, పెట్టుకో, కానీ దాన్నే నమ్ముకోకు. అడ్మిన్‌లో ఎనాలిసిస్ పేజీ తెరిచి ఎడమ పెట్టెలో "పుస్తకానికి", కుడి పెట్టెలో "పుస్తకం" కొట్టి రెండూ ఒకే ముక్కకి దిగుతున్నాయో లేదో కళ్లతో చూడు. "ఇల్లు", "ఇంట్లో" కూడా చూడు. పాత సంచికలు యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో ఉంటే యూనికోడ్‌లోకి మార్చేదాకా ఒక్క తెలుగు మాటా దొరకదు.

పేర్లు మరీ కష్టం. గిడుగు వారినే చూడు. మా పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, సవర భాష నేర్చుకుని, జనం మాట్లాడే తెలుగు రాతలోకి రావాలని పోరాడిన మనిషి. ఆయన్ని ఒకరు రామమూర్తి అని, ఇంకొకరు రామ్మూర్తి అని రాస్తారు. బరంపురం, బ్రహ్మపూర్. గుణుపురం, గుణుపూర్. చిన్నప్పుడు మా నాన్నతో గుణుపురం రైలెక్కితే స్టేషన్ బోర్డు ఒకలా, నాన్న నోట ఇంకోలా ఉండేది, నాకు రెండూ మన ఊళ్లే. మీ సెర్చ్‌కి కూడా అలాగే తెలియాలి. ఈ జంటలన్నీ సినానిమ్స్ ఫైలులో, అంటే ఒకటిగా చూడాల్సిన మాటల జాబితాలో, పెట్టి వెతికే వైపు మాత్రమే తగిలించు. కొత్త పేరు చేర్చినప్పుడు కోర్ (సోలర్‌లో మీ ఇండెక్సూ దాని సెట్టింగులూ ఉండే చోటు) రీలోడ్ చేస్తే చాలు, మొత్తం మళ్లీ ఇండెక్స్ వెయ్యక్కర్లేదు.

ఒక్క ఫలితం కూడా రాని వెతుకులాటలు విడిగా లాగ్ అయ్యేలా చూడు. వెతికినవాళ్ల ఐపీ అడ్రసులు తీసేసి, వారానికోసారి ఆ జాబితా నాకు పంపు. మన ఇంటిపేర్లు, ఊరి పేర్లు జనం ఎన్ని రకాలుగా రాస్తారో నాకు తెలుసు కాబట్టి ఆ సినానిమ్స్ ఫైలు నేను నింపుతాను. ఫోల్డర్ల జాబితా మాత్రం ఇండెక్సర్ నడపకముందే పంపాలి. చూసి సరే అనేదాకా ఆగు, రాత్రి ఎంతైనా ఫోన్ ఎత్తుతాను.

పెద్దమావయ్య
పర్లాకిమిడి