టెక్ సందేహాలు: ఉగ్రవాదుల చేతిలో ఏఐ, ముప్పును కొలిచేదెలా?

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో సైబర్ సెక్యూరిటీలో ఎంఎస్ చేస్తున్నాడు. ఉగ్రవాదులు చాట్‌జీపీటీ వంటి వాటిని ఎలా వాడుకుంటున్నారో ప్రభుత్వం ఏటా అంచనా వేయాలంటూ అమెరికాలో బిల్లు వచ్చిందని చదివాను. చదువు కోసం మావాడు అడిగే ప్రశ్నల మీద కూడా నిఘా పెడతారా? అసలు ఈ ముప్పును ఎలా కొలుస్తారు?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: డల్లాస్ ఉన్న టెక్సాస్‌కే చెందిన ప్రతినిధుల సభ సభ్యుడు ఆగస్ట్ ఫ్లూగర్ ప్రవేశపెట్టిన ఆ బిల్లును ఆ సభ 2025 నవంబరులో ఆమోదించింది. అది చట్టం కావాలంటే సెనేట్ ఆమోదం, అధ్యక్షుడి సంతకం కూడా ఉండాలి. ఉగ్రవాద సంస్థలు జెనరేటివ్ ఏఐని (అడిగిన వెంటనే రాతలు, బొమ్మలు, వీడియోలు సృష్టించే ఏఐని) వాడుకోవడం వల్ల కలిగే ముప్పును అంతర్గత భద్రతా శాఖ అయిదేళ్లపాటు ఏటా అంచనా వేసి అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌కు నివేదించాలన్నదే అందులోని సారం. వ్యక్తుల చాట్‌లను చదివే అధికారమేదీ అది కొత్తగా ఇవ్వడం లేదు కాబట్టి, ఆ విషయంలో మీరు నిశ్చింతగా ఉండవచ్చు.

ప్రచారానికి ఏఐని వాడడం కంటికి కనిపించే ముప్పు. 2024 మార్చిలో మాస్కో సంగీత సభా మందిరంపై దాడి జరిగిన తర్వాత ఐసిస్ మద్దతుదారులు ఏఐ సృష్టించిన న్యూస్ రీడర్‌తో వార్తల వీడియో విడుదల చేశారు. పెద్ద సామాజిక మాధ్యమ సంస్థలు ఉగ్రవాద వీడియోల డిజిటల్ వేలిముద్రలను (ఒక్కో వీడియోను గుర్తుపట్టే సంకేతాలను) పరస్పరం పంచుకుని, అదే వీడియో మళ్లీ వస్తే గుర్తిస్తాయి. అదే సందేశాన్ని ఏఐ ప్రతిసారీ కొత్త ముఖంతో, కొత్త గొంతుతో తయారు చేసి ఇస్తే సరిపోల్చడానికి పాత వేలిముద్ర పనికిరాదు.

దాడికి ఏఐ ఎంత తోడ్పడుతుందో తేల్చడం అంతకంటే చాలా కష్టం. 2025 మే నెలలో కాలిఫోర్నియాలోని పామ్ స్ప్రింగ్స్‌లో సంతాన సాఫల్య కేంద్రం వద్ద బాంబు పేల్చిన వ్యక్తి పేలుడు పదార్థాల సమాచారం కోసం ఏఐ చాట్‌ను వాడాడని దర్యాప్తులో తేలింది. అయితే వాడాడని తెలిసినంత మాత్రాన సరిపోదు. వెబ్‌లో వెతికితే దొరకనిది ఏఐ అదనంగా ఏమిచ్చిందన్నదే అసలు ప్రశ్న. అమెరికా పరిశోధన సంస్థ ర్యాండ్ 2024 జనవరిలో వెలువరించిన అధ్యయనంలో జీవాయుధ దాడికి ప్రణాళిక వేసే పనిని కొన్ని బృందాలకు ఇంటర్నెట్‌తో మాత్రమే, మరికొన్నింటికి ఏఐ సాయం కూడా జోడించి అప్పగించి చూడగా, ఆ ప్రణాళికల ఆచరణీయతలో గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ తర్వాత ఏఐ మోడళ్లు ఎంతో శక్తిమంతమయ్యాయి కనుక నాటి ఫలితాన్ని నేటికి అన్వయించలేము. ఏటా కొత్తగా కొలవాలన్న ఆలోచనను నేను సమర్థించేది అందుకే.

ఇలాంటి అంచనాల్లో నన్ను కలవరపెట్టే లోపం ఒకటి ఉంది. ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకుని సొంత కంప్యూటర్‌లో నడుపుకునే మోడళ్లలో జరిగిన సంభాషణ ఏ కంపెనీ రికార్డులోనూ ఉండదు. కంపెనీలు ఇచ్చే లెక్కలనే నమ్ముకుని తయారు చేసిన నివేదికకు ఈ భాగం కనిపించనే కనిపించదు.

ఇక మీ అబ్బాయి సంగతి. ప్రభుత్వ నిఘా వేరు, కంపెనీల తనిఖీ వేరు. నిబంధనలు ఉల్లంఘించే వాడకాన్ని కంపెనీలు తామే గుర్తించి ఖాతా మూసివేయగలవు; ఇతరులకు తక్షణం తీవ్ర శారీరక హాని కలిగే ముప్పు ఉందని తమ సమీక్షలో తేలితే పోలీసులకు తెలియజేయవచ్చని చాట్‌జీపీటీని తయారు చేసిన ఓపెన్‌ఏఐ 2025 ఆగస్టులో ప్రకటించింది. మాల్‌వేర్ (కంప్యూటర్లకు హాని చేసే సాఫ్ట్‌వేర్) విశ్లేషణ వంటి అభ్యాసాలను వ్యక్తిగత ఖాతాలో కాకుండా విశ్వవిద్యాలయం అనుమతించిన ల్యాబ్‌లోనే చేసి, ప్రొఫెసర్ ఇచ్చిన అసైన్‌మెంట్ ప్రతిని దగ్గర ఉంచుకోమని చెప్పండి. ఖాతా పొరపాటున మూతపడితే అప్పీలులో చూపించడానికి అది ఉపయోగపడుతుంది.