అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో ఉన్న కోరింత్ లాంటి చిన్న ఊరు వ్యాపారులను ఎందుకు ఆకర్షిస్తుంది?

ఒక్కమాటలో చెప్పాలంటే, రెండు రైలు పట్టాలు కలిసే చోటు కాబట్టి. 1850లలో మొబైల్-ఒహాయో, మెంఫిస్-చార్ల్స్‌టన్ రైలు మార్గాలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటే చోటే ఈ ఊరు పుట్టింది. అందుకే మొదట దీన్ని క్రాస్ సిటీ, అంటే కూడలి ఊరు, అన్నారు.

ఆ కూడలే అమెరికా అంతర్యుద్ధాన్ని కూడా ఇక్కడికి తెచ్చింది. ఆ యుద్ధంలో దక్షిణాది రాష్ట్రాల సైన్యానికి మనుషులు, సరుకులు చేరేది ఈ దారుల్లోనే కాబట్టి 1862లో దీనికోసం ముట్టడి జరిగింది, అక్టోబరులో రెండు రోజులు ఘోరంగా పోరాడారు. నా దృష్టిలో ఈ ఊరి విలువ తెలియాలంటే ఇది చాలు.

పట్టాలు దాటే చోట పాత డిపో ఇప్పుడు మ్యూజియం. ఊళ్లో 1865 నాటి బోరమ్స్ మందుల షాపు ఇంకా నడుస్తోంది. అక్కడ స్లగ్‌బర్గర్ కూడా దొరుకుతుంది: మాంసంలో సోయా పిండి కలిపి, కరకరలాడేలా నూనెలో వేయించి, ఆవముద్ద, ఉల్లిపాయ పెట్టి ఇస్తారు. మాంసాన్ని పొదుపుగా వాడుకోవడానికి పుట్టిన వంట అది.

ఇక వ్యాపారం సంగతి. 45, 72 నంబరు జాతీయ రహదారులు కూడా ఇక్కడే కలుస్తాయి, టెనెస్సీ సరిహద్దు పక్కనే. పాత ఇంజిన్ భాగాలను విప్పి మళ్లీ కొత్తవాటిలా చేసే ప్లాంటు ఇక్కడ ఉంది, భారీ యంత్రాల కంపెనీ కేటర్‌పిల్లర్‌ది. బరువైన సరుకు వచ్చిపోవాల్సిన అలాంటి పనికి ఇలాంటి కూడలి బాగా కలిసొస్తుంది.