న్యాయ సలహా: విచారణలో తప్పు దొర్లితే శిక్ష కొట్టేస్తారా?

ప్రశ్న: కొబ్బరితోట గట్టు తగాదాలో మనిషి చనిపోయాడు. 2021 నాటి కేసు. పోయిన నెల సెషన్స్ కోర్టు మా తమ్ముడికి యావజ్జీవం వేసింది. రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉన్నాడు. కత్తి దొరికిందన్న సంగతి మీద జడ్జిగారు వాణ్ణి ఒక్క ముక్కా అడగలేదు. ఈ తప్పు చూపిస్తే కేసు పోతుందా? (ఒక పాఠకురాలు, ముమ్మిడివరం)

జవాబు: ముందు రోజులు లెక్కపెట్టుకోండమ్మా. శిక్ష వేసిన నాటి నుంచి 60 రోజుల్లో హైకోర్టులో అప్పీలు పడాలి. తీర్పు నకలుకు పట్టిన రోజులు మినహాయిస్తారు. గడువు దాటితే కారణం చెబుతూ ఆలస్యం మన్నించమని వేరే పిటిషన్ వేయాలి. జైలు అధికారుల ద్వారా కూడా అప్పీలు పంపవచ్చు. జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి.

ఇక కత్తి. సాక్ష్యాలయ్యాక ‘నీ మీద ఇలా చెప్పారు, ఏమంటావు?’ అని ముద్దాయిని అడిగే ఘట్టాన్ని కోర్టుల్లో త్రీ థర్టీన్ అంటారు (పాత సీఆర్‌పీసీలో 313వ సెక్షన్), దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టంలో అది 351వ సెక్షన్. అందులో అడగని సంగతిని ముద్దాయికి వ్యతిరేకంగా వాడరాదని 1984లో శరద్ బిర్ధీచంద్ శారదా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే దీనివల్ల మీవాడికి నష్టం జరిగిందని చూపించాలి. కత్తిని పక్కన పెట్టాక ఇంకేం మిగిలిందన్నదే అసలు ప్రశ్న. కళ్లారా చూసినవాళ్ల సాక్ష్యం గట్టిగా ఉంటే శిక్ష నిలబడుతుంది. అంతా పరిస్థితుల సాక్ష్యమే అయితే గొలుసులో ఒక లింకు తెగినట్టే.

మధ్యవర్తుల నివేదిక, అంటే కత్తి దొరికినప్పుడు సాక్షుల ముందు పోలీసులు రాసుకున్న కాగితం, అది కూడా తీసి చదవండి. ‘ఈ కత్తితోనే నరికాను, బోదె గట్టున దాచాను, చూపిస్తాను’ అని ఉంటుంది. పోలీసుల దగ్గర చెప్పిన ‘నరికాను’ సాక్ష్యంగా చెల్లదు, కత్తి దొరకడానికి దారి చూపిన ముక్క మాత్రమే చెల్లుతుంది. కింది కోర్టు రెండూ కలిపి వాడేసిందా అన్నది తీర్పులో వెతకండి. చాలామంది ఇది వదిలేస్తారు.

ప్రశ్న: నేరం ఒప్పుకుని, శిక్ష తగ్గించమని మాత్రమే అడగవచ్చా? (ఒక పాఠకుడు, భీమవరం)

జవాబు: పాత ఐపీసీలో హత్యకు పెట్టే సెక్షన్ 302 కింద యావజ్జీవమే కనీస శిక్ష, అంతకు తగ్గించే వీల్లేదు. ముందస్తు పథకం లేకుండా అప్పటికప్పుడు రేగిన కొట్లాట అని చూపించి, నేరాన్నే 304కి (హత్య కిందకు రాని ప్రాణహరణం) మార్చమని అడగాలి. దాని రెండో భాగం కింద గరిష్ఠం 10 ఏళ్లు. అప్పీలుతో పాటే శిక్ష నిలుపుదలకు, బెయిలుకు పిటిషన్ వేయించండి. ప్రభుత్వ లాయరుకు అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇచ్చాకే దాన్ని తేలుస్తారు.