కుక్క కరిస్తే ‘పర్వాలేదు’ అనేయకండి

అమ్మ కాలిఫోర్నియాకి మా దగ్గరికి వచ్చిన రెండో వారంలో, పొద్దున్నే చీర మీద స్పోర్ట్స్ షూస్ వేసుకుని వాకింగ్‌కి వెళ్లింది. ఎదురుగా వస్తున్న ఒకాయన కుక్క పిక్క పట్టుకుంది. ఆయన కంగారుగా సారీ చెబితే అమ్మ నవ్వుతూ ‘నో ప్రాబ్లెమ్’ అనేసి ఇంటికొచ్చేసింది. కుచ్చిళ్లు కాస్త ఎత్తి చూపిస్తే, కాగితానికి పంచ్ కొట్టినట్టు రెండు కన్నాలు, చుట్టూ నీలంగా కమిలిన చర్మం. కుక్క ఎవరిదో, టీకాలు వేయించారో లేదో తెలియదు. ఎంత వెతికినా ఆయన దొరకలేదు. దాంతో గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ని వెంటనే అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్), ఆ రోజు ఒకటి, మళ్లీ 3, 7, 14వ రోజుల్లో రేబిస్ టీకాలు. అదే కుక్క ఆచూకీ తెలిసి, 10 రోజులు అది ఆరోగ్యంగా ఉందని తేలితే ఇవేవీ అక్కర్లేదు.

అమెరికా కొత్తగా వచ్చినవాళ్లకి, అమ్మానాన్నల్ని పిలిపించుకునేవాళ్లకి నేను అందుకే గట్టిగా చెబుతాను: ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు. ముందు గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లకింద 15 నిమిషాలు కడగండి. ఓనర్ పేరు, ఫోన్, అడ్రస్ అడగండి, టీకా సర్టిఫికెట్ ఫోటో తీసుకోండి. అదే రోజు డాక్టర్‌కి చూపించండి. పంటి గాటు పైకి చిన్నగానే ఉంటుంది కానీ లోపలికి లోతుగా దిగుతుంది, చేతికైతే ఇన్ఫెక్షన్ త్వరగా పడుతుంది. తర్వాత యానిమల్ కంట్రోల్‌కి (కుక్కకాట్లు చూసే స్థానిక ప్రభుత్వ విభాగానికి) రిపోర్ట్ చేయండి. ‘పాపం, ఆ కుక్కని చంపేస్తారేమో’ అని చాలామంది వెనకాడతారు. మామూలుగా జరిగేది 10 రోజుల క్వారంటైన్, చాలా చోట్ల అదీ ఓనర్ ఇంట్లోనే.

ఇక పరిహారం ఎవరి బాధ్యత అన్న సంగతి. ఇది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో సివిల్ కోడ్ 3342 ప్రకారం, ఆ కుక్క అంతకుముందు ఎవరినీ కరవకపోయినా ఓనరే బాధ్యుడు. మీరు రోడ్డు మీదో, చట్టప్రకారం ఉండదగ్గ చోటో ఉంటే చాలు. న్యూజెర్సీలోనూ ఇంతే. టెక్సాస్‌లో అలాంటి చట్టం లేదు. అది కరిచే కుక్క అని ఓనర్‌కి ముందే తెలుసనో, లీష్ (కుక్కని పట్టుకునే తాడు) వదిలేయడంలాంటి నిర్లక్ష్యం చేశాడనో మీరే చూపించాలి. వర్జీనియా, నార్త్ కరోలినాల్లో నిర్లక్ష్యం కింద దావా వేస్తే, మీ తప్పు కొంచెం ఉన్నా పరిహారం మొత్తం పోవచ్చు. ఎక్కడైనా సరే, కుక్కని రెచ్చగొట్టారనో, అనుమతి లేకుండా పెరట్లోకి వెళ్లారనో అవతలివాళ్లు వాదిస్తారు. అందుకే గాయం ఫోటోలు, చిరిగిన బట్టలు, చూసినవాళ్ల నంబర్లు దాచుకోండి.

పక్కింటివాళ్ల దగ్గర డబ్బు గుంజడం ఏం బాగుంటుంది అనిపిస్తుంది. నిజానికి ఎక్కువసార్లు ఆ డబ్బు వాళ్ల హోమ్ లేదా రెంటర్స్ (అద్దెకుండేవాళ్ల) ఇన్సూరెన్స్ నుంచి వస్తుంది. ఆ ఇన్సూరెన్స్ కంపెనీ అడ్జస్టర్ (క్లెయిమ్ తేల్చే ఉద్యోగి) తీయగా మాట్లాడి, మాటలు రికార్డు చేస్తాననీ, చెక్కు పంపుతా సంతకం పెట్టమనీ అంటాడు. తొందరపడకండి. రిలీజ్ (ఇక ఏమీ అడగనని రాసిచ్చే కాగితం) మీద సంతకం పడ్డాక, రేపు మచ్చకి సర్జరీ కావాల్సి వచ్చినా అడగలేరు. ముఖం మీద గాయమైనా, పిల్లలకైనా లాయర్‌తో ఒకసారి మాట్లాడండి. ఇలాంటి కేసులు సాధారణంగా గెలిస్తేనే ఫీజు అనే పద్ధతిలో తీసుకుంటారు. కాలిఫోర్నియా, టెక్సాస్, న్యూజెర్సీల్లో 18 ఏళ్లు దాటినవాళ్లకి దావా వేయడానికి గడువు 2 ఏళ్లు. వీసాకి ఏమైనా అవుతుందేమో అని టెన్షన్ పడకండి, ఇది సివిల్ వ్యవహారం. విజిటర్‌గా వచ్చిన అమ్మానాన్నలు కూడా పరిహారం అడగొచ్చు.

మీరే కుక్కని పెంచుకుంటుంటే, మీ ఇన్సూరెన్స్ పాలసీలో మీ కుక్క జాతిని మినహాయించారేమో ఇవాళే చదవండి. కొన్ని కంపెనీలు కొన్ని జాతులకి కవరేజ్ ఇవ్వవు. పిల్లల బర్త్‌డేకి ఇంటినిండా జనం ఉన్నప్పుడు, అది ఎంత సాధువైనా వేరే గదిలో ఉంచండి. ఇండియా వెళ్తూ ఫ్రెండ్ దగ్గర వదిలినా, అక్కడ అది దారినపోయేవాళ్లని కరిస్తే కాలిఫోర్నియా చట్టం ముందు ఓనర్ మీరే. టీకా కాగితం, వెట్ (పశువుల డాక్టర్) నంబర్, మీ పాలసీ నంబర్ లీష్‌తో పాటే ఆ ఫ్రెండ్ చేతికిచ్చి విమానం ఎక్కండి.